బాట నక్షలో ఉంది, గోడ బాటలో ఉంది

ఉప్పల్, నాచారం వైపు ఉండే సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. మౌంటెన్ బైకింగ్ నేర్చుకోవడానికి ఏ హిమాలయాలకో వెళ్ళక్కర్లేదు. 2018లో మొదలైన ఉప్పల్-నారపల్లి ఫ్లైఓవర్ పుణ్యమా అని ఆ స్తంభాల కింది రోడ్డే ఏళ్ళ తరబడి మాకు ట్రెయినింగ్ గ్రౌండ్ అయ్యింది. గుంతలు, తేలిన కంకర, వానొస్తే లోతెంతో తెలియని మడుగులు, ఎదురుగా రాంగ్ రూట్లో వచ్చే ఆటోలు... ఇన్ని పరీక్షలున్న కోర్సు ఏ రేసులోనూ పెట్టి ఉండరు :-)

జోకులు పక్కన పెడదాం. నిజమైన కొండల మీద, తారు రోడ్డు లేనిచోట సైకిల్ తొక్కడం గురించి కొంచెం చెప్పాలి. ఆ కొండల దాకా వెళ్ళే బాటల గురించి ఇంకొంచెం ఎక్కువ చెప్పాలి. సైకిళ్ళంటే ఆసక్తి లేనివాళ్ళు కూడా చివరిదాకా చదవండి. మీలో చాలామంది ఘట్‌కేసర్, కీసర వైపు ప్లాటు కొనే ఉంటారు, లేదా కొనే ఆలోచనలో ఉంటారు కాబట్టి ఇది మీకూ సంబంధించినదే.

నేనుండేది నాచారం, ఆఫీసు ఉప్పల్. అయితే కొండల మీద సైకిల్ తొక్కడం నాకు అలవాటైంది మాత్రం ఇంగ్లండులో. 2014 నుంచి 2016 దాకా ప్రాజెక్టు పని మీద మాంచెస్టర్‌లో ఉన్నాను. అక్కడ రైలెక్కితే గంటలోపే పీక్ డిస్ట్రిక్ట్ కొండలు వచ్చేస్తాయి. 1951లో బ్రిటన్‌లో మొట్టమొదటి నేషనల్ పార్క్‌గా ప్రకటించింది దీన్నే. మా టీములో టెస్టింగ్ లీడ్ ఆ కొండల అంచునున్న హేఫీల్డ్ అనే ఊరివాడు. శనివారం వస్తే సైకిలేసుకుని బయల్దేరేవాడు. ఒక సెకండ్ హ్యాండ్ సైకిల్ నాకూ అంటగట్టాడు. ముందు చక్రానికి మాత్రమే సస్పెన్షన్ ఉండే రకం, హార్డ్‌టెయిల్ అంటారు.

అక్కడి కొండల్ని మూర్‌లాండ్ అంటారు. మనం కొండ అనగానే ఊహించుకునే అడవి ఉండదు. ఎత్తుగా, బోడిగా, కనుచూపు మేర చెట్టు లేకుండా ఉంటాయి. కింద నేల పీట్ అనే నల్లటి మెత్తటి మట్టి. వేల ఏళ్ళుగా కుళ్ళీ కుళ్ళకుండా పేరుకుపోయిన నాచు, గడ్డి అది. నీళ్ళు తాగి స్పాంజిలా ఉంటుంది, చక్రం దిగబడితే సగం దాకా పోతుంది. పైన హీథర్ అని మోకాలెత్తు పొద. ఆగస్టులో పూస్తే కొండ కొండంతా ఊదారంగు దుప్పటి కప్పుకున్నట్టుంటుంది. మిగతా కాలమంతా గోధుమరంగే. గాలి మాత్రం పన్నెండు నెలలూ వీస్తుంది.

ఆ వైపు పేరున్న రూట్ ఒకటి చెప్తాను. హేఫీల్డ్‌లో మొదలై కోల్డ్‌వెల్ క్లఫ్ అనే లోయ పక్కన ఎక్కుతుంది. మొదట్లో తారు, తర్వాత కంకర, ఆ తర్వాత అచ్చంగా బండలు. ఎక్కేటప్పుడు సమస్యేంటంటే, ముందుకు వంగితే వెనక చక్రం పట్టు తప్పి గిర్రున తిరుగుతుంది, వెనక్కి కూర్చుంటే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. ఈ రెంటి మధ్య బెత్తెడు జాగాలో శరీరాన్ని నిలబెట్టుకుంటూ తొక్కాలి. అలా ఎక్కితే ఈడేల్ క్రాస్ అనే పాత రాతి శిలువ దగ్గరికి చేరతాం. మధ్యయుగాల్లో రాజుగారి వేట అడవికి హద్దురాయి అది. పక్కనే కిండర్ స్కౌట్ పీఠభూమి.

అక్కడి నుంచి అవతలి వైపు దిగడమే అసలు సంగతి. ఆ దిగుడు పేరు జేకబ్స్ ల్యాడర్, అంటే జేకబ్ నిచ్చెన. పద్దెనిమిదో శతాబ్దంలో జేకబ్ మార్షల్ అనే రైతు, గుర్రం మీద సరుకు వేసుకుని ఈ కొండ దాటేవాడట. గుర్రం చుట్టు తిరిగి మెలికల దారిలో వస్తుంటే, తను మాత్రం నిట్టనిలువుగా మెట్లు చెక్కుకుని అడ్డదారిన దిగేవాడని చెప్తారు. ఇప్పటికీ రెండు దారులూ ఉన్నాయి. నడిచేవాళ్ళకి మెట్లు, గుర్రాలకీ సైకిళ్ళకీ మెలికల దారి. చట్టం దృష్టిలో నా సైకిలూ జేకబ్ గుర్రమూ ఒకే కేటగిరీ అన్నమాట.

ఆ దారి నిండా పుచ్చకాయంత రాళ్ళు, కొన్ని పాతుకుపోయినవి, కొన్ని దొర్లేవి. ఏది ఏదో పైనుంచి చూస్తే తెలీదు. సీటు మీంచి లేవాలి, పెడల్స్ రెండూ నేలకి సమాంతరంగా ఉంచాలి, బరువంతా కాళ్ళ మీద వెయ్యాలి. బ్రేకు మీద ఒక్క వేలే. బ్రేకు రాయి మీద వెయ్యకూడదు, రాయికి ముందే వేసేసి వదలాలి. కళ్ళు చక్రం ముందున్న రాయి మీద కాదు, ఐదారు గజాల అవతల మనం బయటపడబోయే చోటు మీద ఉండాలి. ఇదంతా మెయిల్లో రాసి పంపితే అర్థమయ్యేది కాదు. మోచేతులు ఊగిపోతూ, పళ్ళు టకటకలాడుతూ దిగుతుంటే ఐదో ఆరో వారానికి ఒంటికి తెలిసింది. కింద ఒకప్పటి సరుకు గుర్రాల కోసం కట్టిన చిన్న రాతి వంతెన. అది దాటితే ఈడేల్ ఊరు. మళ్ళీ అవతలి కొండెక్కి చుట్టు తిరిగి హేఫీల్డ్ చేరేసరికి నాలుగు గంటలు పట్టేది.

సరే, మంచి రూటే. కానీ నాకు రాళ్ళకంటే ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది మరొకటి. ఆ దారి ఎవరి పొలాల్లోంచో, ఎవరి గేట్లలోంచో వెళ్తుంది. గేటు తీస్తాం, దాటుతాం, మళ్ళీ గడియ పెడతాం. ఎవ్వరూ ఎక్కడికని అడగరు. గొర్రెలు కూడా పట్టించుకోవు. మనూళ్ళో అపార్ట్‌మెంట్ గేటు దాటాలంటే రిజిస్టర్లో సంతకం పెట్టే నాకు ఇది వింతగా ఉండేది.

మావాడు ఒకరోజు హేఫీల్డ్ దగ్గర బౌడెన్ బ్రిడ్జ్ క్వారీలో ఆపి రాతికి బిగించిన పలక చూపించాడు. 1932 ఏప్రిల్ 24న అక్కడి నుంచి సుమారు నాలుగు వందల మంది కిండర్ కొండ మీదికి నడిచారు. చాలావరకు మాంచెస్టర్ చుట్టుపక్కల పనివాళ్ళు, కుర్రాళ్ళు. అప్పట్లో ఆ కొండలు జమీందార్లవి. గ్రౌస్ అనే పిట్టల్ని ఏడాదిలో కొన్ని రోజులు వేటాడుకోవడానికి మిగతా జనాన్ని ఏడాదంతా రానిచ్చేవారు కాదు. కాపలావాళ్ళతో తోపులాట జరిగింది. ముందుండి నడిపిన బెన్నీ రాత్‌మన్ వయసు 20 ఏళ్ళు. అతనితో కలిపి ఐదుగురికి రెండు నుంచి ఆరు నెలల దాకా జైలుశిక్ష పడింది. ఆ శిక్షలే పెద్ద గొడవై, 1949లో నేషనల్ పార్కుల చట్టానికి, 2000లో మూర్‌లాండ్‌లో ఎక్కడైనా నడిచే హక్కునిచ్చిన చట్టానికి దారితీసిన ఉద్యమానికి ఊపునిచ్చాయి.

సైకిళ్ళ కథ వేరు. 1968 నాటి కంట్రీసైడ్ చట్టం, గుర్రాలు వెళ్ళే దారుల్లో సైకిళ్ళూ వెళ్ళొచ్చంది. నడిచేవాళ్ళకీ గుర్రాలకీ దారివ్వాలన్నది షరతు. తమాషా ఏంటంటే అప్పటికి మౌంటెన్ బైక్ పుట్టనే లేదు. కాలిఫోర్నియాలో మౌంట్ టామల్‌పైస్ మీద కుర్రాళ్ళు పాత సైకిళ్ళతో దిగుతూ ఆ ఆటని కనిపెట్టింది 1970ల్లో. జో బ్రీజ్ ప్రత్యేకంగా అందుకోసమే ఫ్రేము తయారు చేసింది 1977లో. అంటే ఫీచర్ రాకముందే పర్మిషన్ రెడీగా ఉందన్నమాట. మన ప్రాజెక్టుల్లో ఎప్పుడైనా చూశారా?

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇంగ్లండులో ఏది కాలిబాట, ఏది గుర్రపు బాట అన్నది ఎవరి జ్ఞాపకాన్ని బట్టో ఉండదు. లోకల్ కౌన్సిల్ దగ్గర డెఫినిటివ్ మ్యాప్ అని ఒకటుంటుంది. అందులో గీత ఉంటే, భూమి ఎవరిదైనా సరే, దారి జనానిది. భూమి చేతులు మారినా గీత మారదు. స్కాట్లండ్ ఇంకో అడుగు ముందుకేసి 2003 చట్టంలో, బాధ్యతగా ఉన్నంతవరకు దాదాపు అన్ని నేలల మీదా నడకకీ సైకిలుకీ హక్కిచ్చేసింది.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. 2016లో తిరిగొచ్చాక ఇక్కడేం కొండలుంటాయిలే అనుకునే స్నేహితులకి నేను చెప్పే మొదటి మాట: ఆ పీక్ డిస్ట్రిక్ట్ ఇసకరాయి వయసు ముప్పై కోట్ల ఏళ్ళ పైచిలుకు. మన హైదరాబాద్ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. నాచారం పక్కనే మౌలాలి గుట్ట చూడండి, ఒక్కటే బండ, ఊరంతటికీ కనిపించే బోడిగుండు. భూమి లోపలే పగుళ్ళ వెంబడి నీరు చేరి, రాయి మూలలు అరిగి గుండ్రంగా తయారై, పైమట్టి కొట్టుకుపోయాక బయటపడ్డవే ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే మన గుండ్లు. వీటిని కాపాడాలని 1996 నుంచి ఒక సొసైటీ పని చేస్తోంది. ఈ రాళ్ళని చదివే ఎన్‌జీఆర్‌ఐ ఉన్నది కూడా మన ఉప్పల్ రోడ్డులోనే.

ఆదివారం పొద్దున్నే ఐదింటికి బయల్దేరితే నాచారం పారిశ్రామికవాడ లారీలు ఇంకా నిద్ర లేవవు. మల్లాపూర్, ఈసీఐఎల్, నాగారం మీదుగా కీసర ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. కీసరగుట్ట రామలింగేశ్వరస్వామి గుడి అందరికీ తెలిసిందే. రాముడు అడిగిన లింగం తెచ్చేసరికి ఆలస్యమై, హనుమంతుడు కోపంతో విసిరేశాడనే లింగాలు గుట్టంతా కనిపిస్తాయి. విష్ణుకుండినుల కాలం నాటి ఇటుక కట్టడాలు కూడా అక్కడ తవ్వకాల్లో బయటపడ్డాయి. నేను తొక్కేది గుడి వైపు కాదు. ఆ ప్రాంతంలోనే ఇంకో ఊరి వెనక గుట్ట. ఊరి పేరు రాయను, ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

ఊరు దాటగానే బండ్ల బాట. కుంట కట్ట మీదుగా, తాటిచెట్ల పక్కనుంచి, సీతాఫలం పొదల మధ్యనుంచి గుట్ట మొదట్లోకి చేరుతుంది. అక్కడినుంచి మేకల దారి. ఇంగ్లండు ట్రైల్‌కీ దీనికీ పోలికే లేదు. అక్కడ తడి, ఇక్కడ పొడి. ఎండిన గ్రానైట్ బండ గరుకు కాగితంలా టైరుని పట్టుకుంటుంది, ఎంత వాలైనా ఎక్కనిస్తుంది. కానీ అదే బండ మీద గుప్పెడు మొరం ఉందంటే బేరింగు గుండ్ల మీద నడిచినట్టే. వానాకాలంలో పాకుడు పట్టిందంటే దాని జోలికి పోకూడదు. ఇక తుమ్మ ముళ్ళు. సీలెంట్ పోసిన ట్యూబ్‌లెస్ టైర్లు వేసుకోకపోతే ప్రయాణంలో సగం పంక్చర్లకే సరిపోతుంది. ఎండాకాలంలో తొమ్మిది దాటితే రాయి పెనంలా కాలుతుంది, దిగిపోవడమే.

ఆ గుట్ట మీద ఒకచోట రెండు పెద్ద గుండ్ల మధ్య సందు. హ్యాండిల్‌కి అటో బెత్తెడు ఇటో బెత్తెడు. సందు దాటగానే మూడడుగుల ఎత్తు నుంచి బండ మీదికి దిగాలి. వేగం తక్కువైతే ముందు చక్రం ఇరుక్కుంటుంది, ఎక్కువైతే అవతల ఆగడానికి చోటు లేదు. ఏడాదిన్నర పాటు అక్కడ దిగి సైకిల్ మోసుకెళ్ళాను. మొదటిసారి తొక్కుతూ దాటిన రోజు చుట్టూ చూస్తే ఓ నెమలి, పది పన్నెండు మేకలు తప్ప ప్రేక్షకులే లేరు. మేకలు నాకంటే సునాయాసంగా అదే సందు దాటి వెళ్ళాయి, అది వేరే విషయం :-)

పోయిన దీపావళి తర్వాతి ఆదివారం వెళ్తే కుంట కట్ట దిగగానే బాట లేదు. ఎనిమిదడుగుల ప్రీకాస్ట్ గోడ. గోడ మీద ఒక వెంచర్ బోర్డు, దాని మీద కొండ బొమ్మ. ఆ బొమ్మలోని కొండకి వెళ్ళే దారికి అడ్డంగానే గోడ కట్టారు. పక్కనే మేకలాయన, నాకు చాలాకాలంగా ముఖపరిచయం, కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

"గుట్ట మీదికా? దారి బందు వెట్టిండ్రు సారూ," అన్నాడు.

"ఎప్పుడు కట్టారు పెద్దాయనా?"

"దసరా ముంగట. మా తాతల కాడికెల్లి నడిచిన బాట. ఇప్పుడు మేకల్ని గిట్ల చుట్టు తిప్పుకపోవాలె, రెండు గంటలు పడ్తది. మీకేంది సారూ, ఇంకో గుట్టకి పోతరు."

ఆ చివరి మాట నిజం. నాకు ఒక ఆదివారం పోయింది, అంతే. కారు వెనక సైకిల్ కట్టుకుని అనంతగిరికి వెళ్ళగలను. ఆయనకి రోజూ రెండు గంటలు పోతాయి. గుట్టకి అవతల పొలమున్న ఇద్దరు ముగ్గురు రైతులకైతే ట్రాక్టరు వెళ్ళే దారే పోయింది.

ఇంగ్లండులో చూసిన మ్యాపు గుర్తొచ్చింది. మనకి అలాంటిది లేదా అని అడిగితే మా పక్కింటి రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగి నవ్వారు. "లేకపోవడమేంటండీ, నిజాం కాలం నుంచీ ఉంది. నక్ష అంటారు. నక్ష బాట అనే మాట ఎప్పుడూ వినలేదా?" అన్నారు. ప్రతి రెవెన్యూ గ్రామానికీ పటం ఉంటుంది. అందులో సర్వే నంబర్ల హద్దులతోపాటు కుంటలు, వాగులు, బండ్ల బాటలు, కాలిబాటలు గీసి ఉంటాయి. దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టి కాపీ తీసుకున్నాను. కుంట దగ్గర నుంచి గుట్ట మొదలు దాకా జంట చుక్కల గీత, పాములా మెలికలు తిరుగుతూ, స్పష్టంగా ఉంది. బండ్ల బాట. సరిగ్గా గోడ ఉన్నచోటే.

నక్షలో గీత ఉన్నంతమాత్రాన నాకు సైకిల్ తొక్కే హక్కు రాసిచ్చినట్టు కాదు, ఆ మాట ఒప్పుకుంటాను. వెంచర్ వాళ్ళది పట్టా భూమే, దాని చుట్టూ గోడ కట్టుకునే హక్కు వాళ్ళకుంది. ప్లాటు కొన్నవాళ్ళకి భద్రత కావాలి, అదీ న్యాయమే. కానీ బాట వాళ్ళు కొనుక్కున్నది కాదు. 2012 బిల్డింగ్ రూల్స్‌లో, అదే జీవో 168లో, గేటెడ్ డెవలప్‌మెంట్ కట్టేటప్పుడు లోపలి భూములకి వెళ్ళేవాళ్ళ కోసం ఒక పక్కగా 9 మీటర్ల ప్రజా దారి వదలాలనే నియమం కూడా పెట్టారు. అంటే ఈ ఇబ్బంది వస్తుందని రాసినవాళ్ళకి ముందే తెలుసు. రూల్ ఉంది, మ్యాపు ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళే తక్కువ.

నగరానికి పడమటి వైపు 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభించారు, పైన సోలార్ పలకల కప్పుతో. చాలా మంచి పని. మా తూర్పు వైపూ అలాంటిది కావాలని నా సైకిల్ మిత్రులు అడుగుతుంటారు. నేనైతే కొత్తగా ఏమీ కట్టమని అడగను. ఉన్నదాన్ని మూయకపోతే చాలు. కొండల చుట్టూ ఉన్న బాటల్ని వందల ఏళ్ళుగా ఎడ్లబండ్లు, మేకలు పైసా ఖర్చు లేకుండా మెయింటెయిన్ చేసి పెట్టాయి.

ఇక మీకు సంబంధించిన సంగతి. ఇలాంటి వెంచర్ల బ్రోచర్లు ఎక్కువగా వచ్చేది మన ఆఫీసు వాట్సాప్ గ్రూపుల్లోకే. కొనేది మనమే. ప్లాటు చూడ్డానికి వెళ్ళినప్పుడు లింక్ డాక్యుమెంట్లు అడుగుతాం, ఈసీ తీస్తాం, లేఅవుట్ అప్రూవల్ నంబరు చూస్తాం. దాంతోపాటు ఆ గ్రామ నక్ష కాపీ కూడా ఒకటి తీసుకోండి. మీ లేఅవుట్ మీదుగా జంట చుక్కల గీత వెళ్తోందేమో చూడండి. వెళ్తుంటే, దాన్ని ఎక్కడ వదిలారో వాళ్ళని అడగండి. ఇది దానధర్మం కాదు. బాట మీద పడ్డ ప్లాటుకి రేపు ఎవరైనా కేసు వేస్తే తిరిగేది మీరే. పది మంది కొనుగోలుదార్లు ఈ ప్రశ్న అడిగితే, పదకొండో వెంచర్‌లో గోడ గీసేటప్పుడే పక్కకి జరుపుతారని నా నమ్మకం.

నేనూ, మేకలాయనా, అవతల పొలాల రైతులూ కలిసి నక్ష కాపీ జతచేసి మండల ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాం. నా సంతకం ఇంగ్లీషులో ఉంటే ఆయన వేలిముద్ర వేసి, "నాదే గట్టిది సారూ, ఎవ్వడు దిద్దలేడు" అన్నాడు. సర్వేకి వచ్చే నెల తేదీ ఇచ్చారు. అది బుధవారం. నేను సెలవు పెట్టాను. ఆయన మేకల్ని ఆ పూటకి తమ్ముడి కొడుక్కి అప్పజెప్పి వస్తానన్నాడు.